బొడ్రాయి నుంచి గడప దాకా

కొత్తగా చేరిన గ్రామ సర్వేయర్లకు పాఠం చెప్పమని, రిటైరైన తర్వాత నన్ను రెండుసార్లు పిలిచారు. గొలుసు కొలత దగ్గర్నుంచి ఇప్పటి శాటిలైటు రోవరు దాకా నాకు తెలిసింది చెప్పాను. ఈ సంగతి మాత్రం చెప్పలేదు. పదిమంది ముందు నిలబడి చెప్పగలిగింది కాదు. మీలో ఎవరికైనా పనికొస్తుందేమోనని ఇక్కడ రాస్తున్నాను. పనికి రాకపోయినా, నేను చేసిన తప్పు నా చేతిరాతలో ఉండటం న్యాయం.

ఊరి పేరు రాయను. ఆ పేరే ఇంటిపేరుగా బతుకుతున్న కుటుంబాలు ఇంకా ఉన్నాయి. క్రోసూరు నుంచి కృష్ణ వైపు వెళ్లే దారిలో, మిరప చేల మధ్య, ఎకరంన్నర తుమ్మపొద ఉంది. అదే ఊరు. మా రికార్డుల్లో అలాంటిదాన్ని బేచిరాకు గ్రామం అంటారు. బే అంటే లేని, చిరాగు అంటే దీపం. మ్యాపు ఉంటుంది, సరిహద్దులుంటాయి, సర్వే నంబర్లుంటాయి. సాయంత్రం దీపం పెట్టే మనిషి ఒక్కడూ ఉండడు. పొలాలు పక్క ఊరివాళ్లు చేసుకుంటారు. ఇళ్లుండిన జాగా, గ్రామకంఠం, అలాగే పడి ఉంటుంది.

అక్కడికి మొదటిసారి వెళ్లినప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. ఉద్యోగంలో చేరి రెండేళ్లు, పెళ్లయి నాలుగు నెలలు. గ్రామకంఠాన్ని ఆనుకుని ఉన్న ఇద్దరు రైతుల మధ్య గట్టు తగాదా. పొలం మూలను చూపే సర్వే రాయి, మూలరాయి, దొరికితే తగాదా తీరుతుంది. పొద్దున్నించి వెతికాం. మ్యాపు ప్రకారం రాయి ఉండాల్సిన చోట ఏమీ లేదు. పదిహేడు మీటర్ల అవతల, పొదలో, జానెడు పైకి కనిపిస్తూ ఒక రాయి ఉంది. ఎవడో పెరికి అవతల పాతాడని తేల్చేశాను. రైతులు రాళ్లు జరపడం మాకు కొత్త కాదు.

నాతో ఉన్న చైన్‌మన్ నాకంటే పదేళ్లు పెద్ద. గురజాల మనిషి. తాతల నాటి నుంచి వాళ్లది గొలుసు లాగే కుటుంబం. నేను ఆయన్ని భాయ్ అనేవాణ్ణి. ఆయన ఆ రాయి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, గొలుసు కింద పెట్టాడు.

"ఇది మన రాయి కాదు సార్."

"నెత్తిన గుర్తు అరిగిపోయింది భాయ్. ఎన్నేళ్ల నాటిదో."

"గుర్తు సంగతి కాదు. మన రాయికి ఒక మొహం ఉంటది, పొలం వైపు చూస్తది. ఇది చుట్టూతా చూస్తంది."

"రాయి చూసేది ఏంది భాయ్," అన్నాను. రైతులిద్దరూ నవ్వారు. వాళ్లు నవ్వారు కాబట్టి నేను వెనక్కి తగ్గలేకపోయాను. ఇరవై ఆరేళ్ల వాడికి అంతకంటే కారణం అక్కర్లేదు.

నలుగురు కూలీలు పెట్టి తవ్వించాను. రాయి పైకి జానెడే గాని లోపల నిలువెత్తు ఉంది. అది లేచాక గుంట అడుగున మట్టి ప్రమిదలు కనిపించాయి. అన్నీ బోర్లించి, ఒకదాని పక్కన ఒకటి గుండ్రంగా పేర్చి ఉన్నాయి. పద్దెనిమిది. లెక్కపెట్టడం మా వృత్తిలో జబ్బు. కూలీలు గడ్డపారలు వదిలి దూరంగా జరిగారు. చైన్‌మన్ గుంటలోకి చూసి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఊరు లేదు గానీ ఊరి రాయి ఉండదా సార్," అన్నాడు మెల్లగా.

బొడ్రాయి అన్నమాట. ఊరు కట్టేటప్పుడు నడిబొడ్డున పాతే రాయి. జనం లేని చోట బొడ్రాయి ఉంటుందని నాకు తట్టలేదు. అప్పుడైనా ఆగి ఉండాల్సింది. కానీ ఇద్దరు రైతులూ ఎండలో నిలబడి ఉన్నారు, నా మాట మీద ఇద్దరూ అంతకుముందే ఒప్పుకున్నారు. గుంట పూడ్పించి, రాయిని మ్యాపు చెప్పిన మూలకు మోయించి పాతించాను. సంతకాలు తీసుకున్నాను. రాయి ముందు ఎక్కడుందో ఆ కొలతలు మాత్రం నా సొంత నోటుబుక్కులో రాసుకున్నాను. ఆఫీసుకిచ్చిన ఫీల్డుబుక్కులో రాయలేదు.

ఆ సాయంత్రం నా భార్య బియ్యంలో రాళ్లు ఏరుతుంటే పక్కన కూర్చుని ఇదంతా చెప్పాను. గొప్పగానే చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి. ఊరి పేరు ఇంకోసారి అడిగింది. చెప్పాను.

"రేపు వెళ్లి ఉన్న చోట పెట్టించండి," అంది.

"ఎందుకు?"

"ఊరికే."

"సంతకాలైపోయినయ్. ఇప్పుడు దాన్ని కదిలిస్తే నా ఉద్యోగం కదులుద్ది."

ఆమె చాట దగ్గరికి లాక్కుని మళ్లీ ఏరడం మొదలుపెట్టింది. రెండు రోజుల తర్వాత క్రోసూరులో పుట్టింటికి వెళ్లి మూడు రోజులుండి వచ్చింది. చూపుడువేలికి కట్టు ఉంది. తలుపు సందున పడిందని చెప్పింది.

ఆమె గురించి ఇంకొక్క మాట చెప్పాలి, తర్వాత కావాలి గనక. మేం పదకొండు అద్దె ఇళ్లు మారాం. ప్రతి కొత్త ఇంట్లో, సామాను దించకముందే, నడి ఇంట్లో ప్రమిద పెట్టి దీపం వెలిగించి అక్కడి నుంచి అడుగులు లెక్కపెడుతూ నడిచేది. ఉత్తరానికి పదహారు, తూర్పుకు తొమ్మిది, కుడి చేతికి నాలుగు. ఆ తర్వాత తల కొంచెం వంచేది. పదహారు అడుగులు పట్టే ఇల్లు మాకెప్పుడూ దొరకలేదు. గోడ అడ్డం వస్తే ఉన్న చోటే అడుగులు వేసి లెక్క పూర్తి చేసేది. మా అమ్మమ్మ చేసేది, అమ్మ చేసేది, అనేది. పాదాల కొలత మా శాఖలో చెల్లదని నేను ఎగతాళి చేసేవాణ్ణి. దండం పెట్టుకోవడంలో అదొక పద్ధతి అనుకున్నాను. అడగలేదు. ముప్పై ఏళ్లకు పైగా ఒక మనిషి పక్కన ఉండి అడగని ప్రశ్నలు ఎన్ని మిగిలిపోతాయో ఆమె పోయాక తెలిసింది.

ఆమె పోయిన ఏడు నెలలకు, నా రిటైర్మెంటు ఇంకో ఏడు నెలల దూరంలో ఉండగా, నరసరావుపేటలో మా ఆఫీసుకి ఒక పత్తి వ్యాపారి వచ్చాడు. యాభై దాటిన మనిషి. కూర్చోమంటే కూర్చోలేదు. ఒక ఊరి పాత రికార్డు కావాలన్నాడు. ఊరి పేరు చెప్పాడు. అది ఆయన ఇంటిపేరు కూడా.

"ఆ ఊళ్లో ఎవరూ లేరండీ," అన్నాను.

"తెలుసు సారూ. మా ఇంటిపేరు ఆడ్నించే వచ్చిందంటారు. నిజమో కాదో తేల్చి, ఎవురెవురు ఎవురి బిడ్డలో కాగితం మీద చూపించండి చాలు."

అసలు సంగతి అప్పుడు చెప్పాడు. ఆయన కూతురు నరసరావుపేటలో ఒక ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తుంది. అక్కడే పనిచేసే అబ్బాయిని ఇష్టపడింది. కృష్ణ అవతల, తెలంగాణ వాళ్లు. అన్నీ కుదిరాయి, ఇంటిపేరు కూడా ఒకటే అయింది. ఒకే ఇంటిపేరు అంటే అన్నాచెల్లెళ్ల వరస. ఆయన అన్నలు వినేదే లేదన్నారు.

"నాకు అడ్డం చెప్పాలని లేదు సారూ. ఒప్పుకోటానికి ఒక ఆధారం కావాల. రెండు కొంపలూ వేరని ఎవురన్నా చూపిస్తే మా అన్నల మొహాన కొడతా."

"అమ్మాయి ఏమంటుంది?"

"పోట్లాడితే బాగుండు. నువ్వు కాదంటే మానేస్తా నాన్నా, ఇంకెవుర్నీ చేసుకోను, అంది. అని అన్నం పెట్టింది. అదే నాకు భయంగా ఉంది."

ఆయన కూర్చోకపోవడం నాకప్పుడు అర్థమైంది. నిలబడి ఉంటే పని త్వరగా అవుతుందనుకునే స్థితిలో ఉన్నాడు.

జిల్లా రికార్డు గదిలో ఆ ఊరి పాత రిజిస్టరు దొరకడానికి మూడు వారాలు పట్టింది. ఊరు ఖాళీ కాకముందు రాసింది. అంచులు పురుగు తిన్నాయి, మధ్య బాగానే ఉంది. గ్రామకంఠం చుట్టూ పెరటి దొడ్లు, వాటి నంబర్లు, వాటి హక్కుదార్లు. పద్దెనిమిది దొడ్లు, పద్దెనిమిది పేర్లు. ఆ అంకె దగ్గర నా వేలు ఆగింది. ప్రమిదలు గుర్తొచ్చాయి. రిజిస్టరు మూసి కాసేపు బయట నిలబడి వచ్చాను.

పద్దెనిమిది మందిలో ఒక్కరికీ వ్యాపారి ఇంటిపేరు లేదు. అందరికీ వేరే వేరే ఇంటిపేర్లున్నాయి. అది చూసి ఆయన డీలాపడ్డాడు. ఇందులో దిగులు లేదని చెప్పాను. ఊళ్లో ఉన్నవాణ్ణి ఎవరూ ఊరి పేరుతో పిలవరు. ఊరు విడిచి వేరే చోట చేరినప్పుడు అక్కడివాళ్లు 'ఫలానా ఊరోళ్లు' అంటారు. రెండు తరాలు గడిచేసరికి పాత ఇంటిపేరు మరిచిపోయి అదే ఇంటిపేరవుతుంది. కాబట్టి ఆ ఇంటిపేరున్న వాళ్లంతా ఒక ఇంటివాళ్లు కాకపోవచ్చు. పద్దెనిమిది ఇళ్లవాళ్లూ కావచ్చు.

"అయితే మేం ఏ ఇంటోళ్లం?"

ఆయనకు ముత్తాత దాకా పేర్లు తెలుసు. రిజిస్టరు అంతకు ముందుది. మధ్యలో ఒక తరం ఖాళీ.

మరుసటి వారం వ్యాపారి, ఆ అబ్బాయి తాతను వెంటబెట్టుకుని వచ్చాడు. ఎనభై దాటిన మనిషి, నది దాటి బస్సులో వచ్చాడు. ఆయనకూ పేర్లు ముత్తాత దగ్గరే ఆగిపోయాయి.

"ఊరు ఎందుకు విడిచిపెట్టారో తెలుసా?" అని అడిగాను.

"మా తాతను అడిగితే దీపం తగ్గించేటోడు. మల్ల అడగలే." ముసలాయన చేతికర్ర మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. "ఎందుకొచ్చినమో చెప్పలే సారు. మల్ల ఇంటికెట్ల పోవాల్నో చెప్పిండు."

"ఎట్లా?"

"బొడ్రాయికి ఈపు పెట్టి నిలబడు. పడమర నలభై ఒకటి. ఉత్తరం ఇరవై. ఎడమ చేతికి మూడు. తల వంచు."

గోడ పక్కన నిలబడ్డ వ్యాపారి ముందుకొచ్చాడు. "ఇంకోపాలి చెప్పు తాతా."

ముసలాయన మళ్లీ చెప్పాడు.

"మా నాయనమ్మ మాకు ఆట ఆడిచ్చేది," అన్నాడు వ్యాపారి. "ఆమెకి వాళ్లత్త నేర్పిందంట. తూర్పుకు ముప్పై, దక్షిణానికి పన్నెండు, ఎడం చేతికి ఏడు. తల వంచు. వంచకపోతే నెత్తిన మొట్టేది."

"పొట్టి దర్వాజలు గద," అన్నాడు ముసలాయన. "వంచకుంటే దర్వాజనే మొట్టుతుండె."

వాళ్లిద్దరూ నవ్వుకున్నారు. నేను నవ్వలేకపోయాను. నా భార్య తల వంచడం కళ్ల ముందు కనిపించింది. ఆమె పుట్టింటి పేరు వేరు. ఈ వైపు చాలా ఇళ్లలో ఇలాంటి అలవాటు ఉండి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. రెండో ఆలోచన ఇంకా చెడ్డది. అందరి లెక్కా బొడ్రాయి దగ్గర మొదలవుతుంది. ఆ రాయిని పదిహేడు మీటర్లు జరిపినవాణ్ణి నేనే.

ఆ రోజు వాళ్లకు చెప్పలేదు. పోయి నడిచి చూద్దాం, గడపలు మిగిలి ఉంటే వాటి వెనక ఉన్న దొడ్లు ఎవరివో రిజిస్టరు చెబుతుంది, అన్నాను. నా పాత నోటుబుక్కు వెతికి తీశాను. రాయి మొదట ఉన్న చోటు కొలిచి, అక్కడ ఒక మేకు పాతి, 'ఇక్కడి నుంచి నడవండి' అందామని నా ఎత్తు. ఎందుకని అడిగితే సాంకేతికంగా ఏదో చెప్పొచ్చు. మన వృత్తిలో అదొక సౌకర్యం, ఎదుటివాడికి అర్థం కాని మాట ఎప్పుడూ చేతిలో ఉంటుంది.

చైన్‌మన్‌ని కూడా రమ్మన్నాను. ఆయన రిటైరై చాలా ఏళ్లయింది. నరసరావుపేటలో కొడుకు మెకానిక్ షెడ్డు దగ్గర కూర్చుంటాడు. ఊరి పేరు చెప్పాను.

"మళ్లీ తవ్వుతారా సార్?"

"లేదు భాయ్. నడవటమే."

"అయితే వస్తా."

వ్యాపారి కారులో నలుగురం వెళ్లాం. ఎండ ఇంకా ముదరలేదు. మిరప కోతలు నడుస్తున్నాయి. ఆ చేలల్లో కూలీల మాటలు దూరం నుంచే వినపడ్డాయి. గ్రామకంఠం దగ్గరికి వచ్చేసరికి వినపడలేదు. గాలి వాటం అయి ఉంటుంది. ముందుగా పొలం మూలకు వెళ్లాను, నేను పాతించిన రాయి కోసం. రాయి లేదు. గుంట కూడా లేదు. పక్క చేలో ఉన్న రైతును పిలిచి అడిగాను. ఆనాటి రైతుల్లో ఒకరి కొడుకు.

"ఆ మూలకి రాయి ఏడుంది సార్? పాతిన వారానికే పోయిందంట, మా నాయన చెప్పేటోడు. మళ్లీ మీ ఆఫీసుల చుట్టూ ఎవురు తిరుగుతారని ఇద్దరూ గట్టేసుకున్నారు."

అప్పటికే ముసలాయన పొదలోకి దారి చేసుకుని వెళ్లాడు. లోపలి నుంచి కేక వేశాడు. "సారూ, ఇగ ఈడ ఉన్నది."

రాయి ఉంది. జానెడు పైకి కనిపిస్తూ. దాని చుట్టూ గజం మేర తుమ్మ మొలవలేదు. నెత్తిన పసుపు ఉంది. చేయి పెట్టి చూశాను. తడిగా ఉంది. వేలికి అంటింది.

"మీవాళ్లు పూస్తారా?" రైతును అడిగాను.

"మా ఊరి బొడ్రాయి మాకుంది సార్. ఈడికి ఎవురొస్తారు? ట్రాక్టరోడు కూడా ఇటు మళ్లడు. మళ్లితే ఆగిపోద్దంటాడు. ఆడి ట్రాక్టరు ఏడన్నా ఆగుద్దనుకో."

నోటుబుక్కు తీశాను. టేపు పట్టమని చైన్‌మన్‌కి ఇచ్చాను. మూడు వైపుల నుంచి కొలిచాం. ముప్పై మూడేళ్ల కింద నేను రాసుకున్న చోటుకు, రాయి ఇప్పుడున్న చోటుకు తేడా రెండు వేళ్లు. కొలతలు వేసి నేను పాతించిన రాళ్లు కూడా అంత కచ్చితంగా ఉండవు. కొలిచిందే మళ్లీ కొలుస్తుంటే వ్యాపారి, "ఏంది సారూ?" అన్నాడు.

మేకు, సాంకేతిక మాట, ఏవీ మిగల్లేదు. అక్కడే నిలబడి జరిగింది చెప్పాను. ఈ రాయిని పెరికింది నేనని, అక్కడ పాతించానని, ఎవరు వెనక్కి తెచ్చారో తెలియదని. ప్రమిదల సంగతీ చెప్పాను. వ్యాపారి మొహం మాడింది. తన కూతురి పెళ్లి ఈ రాయి మీద ఆధారపడి ఉంది మరి. ముసలాయన మాత్రం రాయి ముందు మోకాలు వంచి, దాన్ని చేత్తో తడిమి లేచాడు.

"నువ్వు రాయిని జరిపినవ్. మావోళ్లు ఊరినే జరిపిన్రు. ఎవల తప్పు పెద్దది సారు?" అన్నాడు. "అది ఎరుకతోని మల్ల వచ్చింది. నడుద్దాం పా."

ముందు ఆయనే నడిచాడు. రాయికి వీపు పెట్టి, పడమరకు. లెక్క పైకి చెబుతూ. పొద అడ్డం వస్తే నేనూ రైతూ కొట్టి దారి చేశాం. నలభై ఒకటి, ఇరవై, మూడు. ఆగిన చోట కంపే ఉంది. చైన్‌మన్ గడ్డపారతో చుట్టూ పొడిచి చూశాడు. రెండడుగుల అవతల ఖంగుమంది. మట్టి తీస్తే నాపరాయి గడప. నడిమి భాగం కాళ్లకు అరిగి నున్నగా ఉంది.

ముసలాయన గడప ముందు నిలబడి తల వంచాడు. పైన ద్వారబంధం లేదు, ఆకాశమే ఉంది. అయినా అలాగే వంచి లోపలికి అడుగు పెట్టాడు. లోపల తుమ్మ ముళ్ల మధ్య కాసేపు నిలబడి, "చిన్నగున్నది ఇల్లు," అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు.

తర్వాత వ్యాపారి. ఆయన కాళ్లు తొందరపడ్డాయి. తూర్పుకు ముప్పై వేసి దక్షిణానికి తిరిగేసరికి పెదాలు కదుపుతూ గొణుగుతున్నాడు. గొంతు ఆయనది కాదు, చిన్నపిల్లాడి రాగం. ఏడో అడుగు దగ్గర ఆగాడు. చైన్‌మన్ పొడిచాడు. మట్టి. ఇంకోచోట. మట్టి. వ్యాపారి చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుంది.

"ఆట నీకు ఎన్నేళ్లప్పుడు నేర్పింది?" అని అడిగాడు ముసలాయన.

"ఐదారేళ్లు."

"మరి అది పిల్లల కోసం కట్టిన లెక్క. గా అడుగులెయ్యి. ఈ పొట్టేసుకుని ముప్పై అడుగులేస్తె వేరేటోళ్లింట్ల పోయి నిలవడతవ్."

వ్యాపారి రాయి దగ్గరికి తిరిగి వెళ్లి, పంట్లాం మోకాళ్ల దాకా మడిచి, చిన్న అడుగులతో మళ్లీ నడిచాడు. ఈసారి చైన్‌మన్ ఒక్కసారే పొడిచాడు.

రెండు గడపలూ గ్రామకంఠానికి రెండు చివర్ల ఉన్నాయి. టేపు వేసి, మ్యాపు మీద గుర్తు పెట్టి, రిజిస్టరు నకలు తీశాను. ముసలాయన గడప వెనక దొడ్డి ఒక ఇంటిపేరు మనిషిది. వ్యాపారి గడప వెనక దొడ్డి ఇంకొక ఇంటిపేరు మనిషిది. ఆ రెండు ఇంటిపేర్లూ ఈనాటికీ ఒకరికొకరు పిల్లనిచ్చి పుచ్చుకునే కుటుంబాలవే. ఆ మాట చెప్పాను. కోర్టులో నిలుస్తుందా అంటే చెప్పలేనని కూడా చెప్పాను.

"మా అన్నలు కోర్టు కాదులే సారూ," అన్నాడు వ్యాపారి. ఫోను తీసి అటూ ఇటూ తిరిగాడు. సిగ్నల్ లేదు. బొడ్రాయి దగ్గర ఒక గీత వచ్చింది. అక్కడే నిలబడి మాట్లాడాడు. "అమ్మా. ఇళ్లు వేరంట. ఊఁ, వేరే. ఎవురన్నా చెప్తే నేనూ నమ్మేవోణ్ణి కాదు, నడిచి చూశా... ఏడుస్తన్నావేంది? అన్నం తిన్నావా?"

ఆయన అప్పుడు కూర్చున్నాడు. బొడ్రాయి పక్కన, మట్టిలో, తెల్ల పంట్లాంతో. నా ముందు ఆయన కూర్చోవడం అదే మొదటిసారి.

రైతు తన చేలోకి మళ్లాడు, వ్యాపారీ ముసలాయనా ముందుగా కారు దగ్గరికి నడిచారు. నేనూ చైన్‌మన్ టేపు చుట్టుకుంటున్నాం.

"భాయ్, నువ్వేనా?" అని అడిగాను.

"నేనే చేద్దామనుకున్నా సార్. మనం పాతిన నాలుగో రోజు, మా బామ్మర్దులు ముగ్గుర్ని తీసుకుని తెల్లారేసరికి వచ్చా. అప్పటికే రాయి ఇక్కడుంది." గడ్డపారకు అంటిన మట్టి తుడిచాడు. "మీకు చెప్తే నన్నే అనుమానిస్తారని చెప్పలే."

"ఎవరినీ చూడలేదా?"

"దార్లో ఒక ఎద్దుబండి ఎదురొచ్చింది. క్రోసూరు వైపు పోతంది. ముగ్గురు మగోళ్లు, ఒక ఆడమనిషి. ఆమె చెంగు కప్పుకుని ఉంది, మొహం చూళ్లేదు. చేతికి గుడ్డ చుట్టుకుంది. నెత్తురు."

నేను టేపు చుట్టడం ఆపలేదు. ఆపితే ఏమవుతుందో తెలియలేదు. చుట్టడం పూర్తయ్యాక, నువ్వు కారు దగ్గరికి పద భాయ్, మర్చిపోయిన కొలత ఒకటుంది, అన్నాను. ఆయన నా మొహం చూసి, గడ్డపార కూడా తీసుకుని వెళ్లిపోయాడు.

బొడ్రాయికి వీపు పెట్టి నిలబడ్డాను. ఆమె అడుగు నాకు తెలుసు. నా అడుగు కంటే చిన్నది. పక్కన నడిచేటప్పుడు ఎప్పుడూ నేనే తగ్గించుకునేవాణ్ణి. అలాగే తగ్గించుకుని నడిచాను. ఉత్తరానికి పదహారు. ఈసారి గోడలేవీ అడ్డం రాలేదు, కంప కూడా రాలేదు. తూర్పుకు తొమ్మిది. కుడి చేతికి తిరిగాను. ఒకటి, రెండు, మూడు. నాలుగో అడుగుకు నా బూటు రాయికి తగిలింది. తవ్వాల్సిన పని లేకపోయింది. గడప పైకే ఉంది. ఊడ్చినట్టు శుభ్రంగా ఉంది.

ఆ గడప మీద కూడా పసుపు ఉంది. దాన్ని నేను ముట్టుకోలేదు. తల వంచాను. లోపలికి వెళ్లలేదు. అది నా ఇల్లు కాదు, రమ్మనాల్సిన మనిషి లేదు. లేదనే అనుకుంటున్నాను. కారు హారన్ రెండుసార్లు మోగాక వెనక్కి వచ్చాను.

తర్వాతి సంగతులు కొద్దిగా ఉన్నాయి. ఆ మూలరాయి సర్వే రాయి కాదని, అది బొడ్రాయి అని, పొరపాటు నాదేనని నివేదిక రాశాను. రీసర్వేలో అక్కడ కొత్త రాళ్లు పాతకముందే అది రికార్డులోకి వెళ్లాలి. నా పైఅధికారి, నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు, ఫైలు చూసి విసుక్కున్నాడు. "ఎవరూ అడగలేదు కదండీ. పోతూ పోతూ మీరే ఎందుకు కెలుక్కుంటారు?" సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. జవాబు రాశాను. నా సర్వీసులో వచ్చిన మెమోల్లో న్యాయమైంది అదొక్కటే.

పెళ్లి నరసరావుపేటలో జరిగింది. వ్యాపారి అన్నలు ఆలస్యంగా వచ్చారు గాని వచ్చారు. పెళ్లికొడుకు తాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, కొత్త కోడలికి అడుగులు తానే నేర్పుతానని, ఆమెకు ఇక రెండు ఇళ్ల లెక్క ఉండాలని చెప్పాడు. కాగితం మీద రాసిమ్మంటారా అని అడిగాను. వద్దన్నాడు. కాగితం ఉంటే నడవరు, అన్నాడు.

మీకు పాఠంలో చెప్పేటప్పుడు, కనిపించిందంతా ఫీల్డుబుక్కులో రాయండి, మీ తప్పుతో సహా రాయండి, అన్నాను. నేనూ అలాగే రాశాను, ఒక్కటి తప్ప. ఆ నివేదికలో 'గ్రామకంఠంలో గుర్తించిన గడపలు' అన్న చోట రెండు అని రాసి సంతకం పెట్టాను. తెలిసి నేను రాసిన అబద్ధపు లెక్క అదే.

నివేదిక ఇచ్చాక వచ్చిన ఆదివారం హైదరాబాదులో ఉన్న మా అమ్మాయికి ఫోన్ చేశాను. కుశలాలయ్యాక అడిగాను. "అమ్మ నీకు అడుగులు నేర్పిందా?"

"నేర్పింది నాన్నా. తల వంచటంతో సహా." తర్వాత కొంచెం ఆగి, "ఎందుకు?" అంది.

"ఊరికే," అన్నాను.